మిరప్పొడిలో గసాలు

మా మండలంలో ఏ ఆడపిల్ల కువైట్‌కు బయల్దేరుతున్నా ఇప్పటికీ ఒకసారి నా దగ్గరికి పంపిస్తారు. ఇరవై రెండేళ్లు అక్కడ మెస్‌లో గరిటె తిప్పిన మనిషి కదా, నాలుగు మంచి మాటలు చెబుతుందని. నేను మంచి మాటలేమీ చెప్పను. సంచి విప్పమంటాను. లోపలున్న ప్రతి పొట్లం విప్పి చూపించమంటాను. ఇది ఎవరిదే, ఎవరిచ్చారు, లోపలేముందో నువ్వు కళ్లారా చూశావా అని అడుగుతాను. వాళ్ల అమ్మలకు కోపమొస్తుంది. "ఏందక్కా, పోలీసోళ్ల మాదిరి అడుగుతాండావు" అంటారు. ఎందుకు అడుగుతున్నానో ఇన్నాళ్లూ సగం సగం చెప్పి ఊరుకున్నాను. ఈసారి మొత్తం రాస్తున్నాను. నా మీద నాకున్న కోపం, నా చేతి అన్నం తిన్నవాళ్ల మీద ఉన్న కోపం, రెండూ ఇంకా చల్లారలేదు. కాబట్టి కొంచెం కారంగానే ఉంటుంది, సర్దుకోండి.

మా మెస్ కువైట్ సిటీలో పాత సూక్ బజారు వెనక ఒక ఇరుకు సందులో ఉండేది. పాత కట్టడం, మెట్ల మీద ఎప్పుడూ తడి, కింది భాగం మాది. లైసెన్సు మాకు వీసా ఇచ్చిన కువైటీ ఆసామి, కఫీల్ పేరు మీద, పొయ్యి నా పేరు మీద. మా ఆయన ముందువైపు టీ కాచేవాడు, బల్లలు తుడిచేవాడు, వచ్చినవాళ్ల సోదంతా వినేవాడు. వంటగది వెనక ఇంకో గది, అందులో మేము ముగ్గురం. మా పాప ఆ గదిలోనే పెరిగింది. బియ్యం బస్తా మీద కూర్చుని ఎక్కాలు చదివేది. స్కూల్లో పక్కపిల్లలు నీ యూనిఫాం తిరగమాత వాసనొస్తోందని ఏడిపించేవాళ్లు. సాయంత్రం వచ్చి ఆ మాట చెప్పగానే బల్లల దగ్గరున్న ముప్పై మంది మామలూ ఒక్కసారిగా యుద్ధానికి లేచేవాళ్లు. "యాడుంది పాపా ఆ స్కూలు, చూపియ్. మేం వచ్చి అడుగుతాం" అనేవాళ్లు. ఒక్కడూ గుమ్మం దాటేవాడు కాదనుకోండి. ఇంకో టీ తాగి ఎవరి పనికి వాళ్లు పోయేవాళ్లు.

ఆ దేశంలో సారాయంగడి లేదు. మన ఊళ్లలో మగవాళ్లు అక్కడ కూర్చుని వెళ్లబోసుకునే మాటలన్నీ కువైట్‌లో మా టీ గ్లాసుల ముందు వెళ్లబోసుకునేవాళ్లు. మహబూలాలో ఒక్కో గదిలో పదిమంది సర్దుకుని పడుకునే మేస్త్రీలు, దజీజ్ గోడౌన్లలో పెట్టెలు మోసేవాళ్లు, ఇళ్లలో డ్రైవర్లు. శుక్రవారం సెలవు దొరికితే ఇళ్లలో పనిచేసే ఆడపిల్లలు వచ్చేవాళ్లు, వాళ్లకు వంటగది పక్కన వేరే బల్ల వేసేదాన్ని. హైదరాబాదు, విజయవాడ ఇంజనీర్ల కుటుంబాలు కార్లలో వచ్చి, "ఆంటీ, సూపర్ ఆంటీ, అచ్చం పల్లెటూర్లో ఉన్నట్టే ఉంది" అంటూ సంగటి ముద్దను ఫోటో తీసుకుని, తర్వాత చెంచా అడిగేవాళ్లు. పెళ్లి సంబంధాలు మా బల్లల మీదే కుదిరాయి. పంచాయితీలూ అక్కడే తెగాయి. ఊర్లో తల్లి పోయిందని ఫోనొస్తే, సెలవు దొరకని ఒకాయన మా బల్ల మీద తల పెట్టుకుని పొద్దంతా ఏడ్చాడు, మా పాప ఆయన పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకుంది. అందరికీ నేను అక్కనే. కూరలో ఉప్పు తగ్గినా నన్నే అనేవాళ్లు, ఊర్లో బోరు ఎండినా నాకే చెప్పుకునేవాళ్లు. ఇంతమంది తమ్ముళ్లున్నారు, నాకేం తక్కువ అనుకునేదాన్ని.

మా మెస్ గోడకు ఒక నల్ల పలక ఉండేది. ఊరికి పోయేవాళ్లు, ఊరి నుంచి రాబోయేవాళ్లు తమ ఊరి పేరు, విమానం రోజు, సంచిలో ఎన్ని కేజీలు ఖాళీ ఉందో దాని మీద రాయాలి. రాజంపేట, సోమవారం, మూడు కేజీలు. రాయచోటి, గురువారం, రెండు కేజీలు. అలా రాసిన కేజీలు ఇక మనవి కావు, అందరివీ. ఖాళీ ఉండి కూడా రాయనివాణ్ని ఏడాదంతా పిసినారి అని పిలిచేవాళ్లు. ఇక్కణ్నుంచి పిల్లల బూట్లు, ఖర్జూరాలు, నొప్పుల మందు పోయేవి. అక్కణ్నుంచి చింతపండు, రాగిపిండి, ఊరగాయ, ఒడియాలు వచ్చేవి. దీనికొక కట్టుబాటు ఉండేది. ఎవరు కట్టి ఇచ్చినా ఆ పొట్లాన్ని మోసేవాళ్లు విప్పి చూడకూడదు. విప్పి చూడటమంటే, నిన్ను నేను నమ్మడం లేదని మొహం మీద చెప్పడమే. ఎవరు పెట్టారో తెలియదు గానీ అందరం పాటించేవాళ్లం, పాటిస్తున్నందుకు గొప్పగా చెప్పుకునేవాళ్లం.

ఇక గసాల సంగతి, అంటే గసగసాలు. సీమలో మటన్ కూరంటే గసాలు, కొబ్బరి కలిపి నూరి వేయాల్సిందే. మన కిరాణా కొట్లో పొట్లం కట్టి ఇస్తారు, పిల్లలు తాగే పాయసంలో కూడా వేస్తారు. ఆ గింజలు నల్లమందు మొక్కవని మా అవ్వకు తెలియదు, మా అమ్మకు తెలియదు. కువైట్‌లో అవి మనిషి దగ్గర దొరికితే కేసు. ఈ సంగతి మా సందులో అందరికీ తెలుసు. తెలిసి కూడా ఎవరమూ మనసారా నమ్మలేదు. కూరలో వేసుకునే గింజకు జైలేమిటి అని నవ్వుకునేవాళ్లం. నేను మాత్రం వాటి బదులు జీడిపప్పు నూరి పోసి ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చాను. తినేవాళ్లు గిన్నె నాకినంత పని చేసి, చేయి కడుక్కుంటూ "అంతా బాగుండాది గానక్కా, గసాలు పడింటే ఆ కథే వేరు" అనేవాళ్లు. వంటమనిషికి ఆ మాట ఎంత మంటగా ఉంటుందో వండిన చేతికే తెలుసు.

మావాళ్లకొక సంఘం ఉండేది. దాని పెద్దమనిషిది మా జిల్లానే. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు ఫోన్లు. ఎవరికి కష్టమొచ్చినా, ఆ కష్టం తాలూకు ఫోటోలో మధ్యలో ఆయనే ఉండేవాడు. ఆయన పెళ్లయి పాతికేళ్లు నిండుతున్నాయని హాలు మాట్లాడుకుని విందు పెట్టుకున్నాడు. వంట నాకే అప్పగించాడు. ఒకరోజు టీ తాగుతూ వంటగది గుమ్మం దాకా వచ్చాడు.

"ఏమ్మా, జీడిపప్పు కూర నాకొద్దు సూడు. పెద్దపెద్దోళ్లు వస్తాండారు. మన సీమ కూర ఎట్లుంటాదో వాండ్లకు తెలియాల. గసాలు పడాల్సిందే."

"తేగూడదు గదన్నా."

"తేగూడనివి నీ పలక మీద ఎన్ని రాలేదమ్మా? మసాలాలో కలిపి తెప్పించు. ఏం గాదు. నేను లేనా?"

నేను లేనా అన్న మాట నమ్మి దేశాలు దాటిన జాతి మాది. అయినా మొత్తం ఆయన మీదికే తోసేస్తే అబద్ధమవుతుంది. నాకూ ఆశ ఉంది. అంత పెద్ద హాల్లో పెద్దవాళ్లంతా నా కూర తిని, ఎవరు వండారిది అని అడగాలని నాకుంది. ఇరవై రెండేళ్లుగా వింటున్న ఆ సన్నాయి నొక్కు ఒక్కసారైనా వినకుండా ఉండాలని ఉంది. ఆ రోజే ఊర్లో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను.

ఆ వారం సెలవు ముగించుకుని ఊరి నుంచి తిరిగి రావాల్సింది ఒక పిల్ల. మా పక్క ఊరిది, వరసకు నన్ను అత్తా అనేది. ముప్పై దాటాయి గానీ నాకు పిల్లే. మొగుడు వదిలేసి పోయాడు, ఇద్దరు బిడ్డలు తల్లి దగ్గర ఉన్నారు, ఆ ఇల్లంతా ఈమె రెక్కల మీదే నడుస్తోంది. పదేళ్లుగా ఒకే కువైటీ ఇంట్లో పని. ఆ ఇంట్లో మంచాన పడ్డ ముసలమ్మకు స్నానం, తిండి, మందు అన్నీ ఈ పిల్ల చేతి మీదుగానే జరగాలి. పోయేటప్పుడే మా పలక మీద, తిరిగొచ్చేటప్పుడు రెండు కేజీలు ఖాళీ అని రాసిపెట్టి పోయింది. పెద్దగా మాట్లాడేది కాదు. శుక్రవారం వస్తే తిన్న పళ్లెం తనే కడిగిపెట్టేది, ఎన్నిసార్లు వద్దన్నా.

బయల్దేరే ముందు ఊరి నుంచి నాకు ఫోన్ చేసింది.

"అత్తా, మీ చెల్లెలు రెండు పొట్లాలు తెచ్చిచ్చింది. ఏముండాయి దీంట్లో?"

"మటన్ మసాలా, మిరప్పొడిమే."

"ఒకసారి విప్పి చూసుకోనా? ఏర్‌పోర్టులో ఈ మధ్య బాగా గట్టిగా చూస్తాండారంట."

"విప్పితే వాసన పోతాదిమే. అంతా పొడేలే, పెట్టుకో."

"సరేలే అత్తా" అంది.

ఆమెకు అనుమానం వచ్చింది, అడిగింది. మా కట్టుబాటును పక్కనపెట్టి మరీ అడిగింది. నేను ఆ కట్టుబాటునే అడ్డం పెట్టుకుని నోరు మూయించాను. నా సంగతి తెలిసినదాన్ని గనుక చెబుతున్నాను, ఆ నిమిషంలో నాకు భయం కూడా వేయలేదు.

చెల్లెలికి నేను చెప్పింది, గసాలు మసాలాతో పాటు దంచి కలిపేయమని. మా చెల్లెలు నాకంటే మంచి వంటమనిషి. దంచిన గసాలు నాలుగు రోజులకే ముక్కిపోతాయి, కూరంతా చేదెక్కుతుంది. అక్క తాజాగా నూరుకుంటుందిలే అని గింజలను గింజలుగానే ఒక చిన్న కవర్లో పోసి, మూతి కట్టి, తేమ తగలకుండా మిరప్పొడి పొట్లం నడిమధ్యలో పూడ్చిపెట్టింది. వంట తెలిసినవాళ్లు ప్రేమతో చేసే పని అది. సంచి తనిఖీ చేసేవాడి కంటికి అదెలా కనిపిస్తుందో మీరే చెప్పండి. కుక్కలు వాసన పట్టకుండా కారంలో దాచారని అనుకున్నాడు. నేను ఆయన స్థానంలో ఉన్నా అదే అనుకునేదాన్ని.

గురువారం పొద్దున, అదే విమానంలో వచ్చిన దజీజ్ గోడౌన్ తమ్ముడొకడు నేరుగా మెస్‌కు వచ్చాడు. సంచి భుజాన్నుంచి దించలేదు.

"అక్కా, ఆ పిల్లను ఆపేసినారు. మిరప్పొడి పొట్లం కోసి లోపల్నుంచి కవర్ తీసినారు. నాది కాదు, నాది కాదని ఏడుస్తాంది. ఎవరిదంటే మాత్రం నోరు తెరవలే."

టీ గ్లాసులు కడుగుతున్న మా ఆయన తడి గుడ్డ తీసుకుని పలక దగ్గరికి వెళ్లాడు. మొత్తం తుడిచేశాడు. రాయచోటి, రాజంపేట, గురువారం, రెండు కేజీలు, అన్నీ.

"ఏం చేస్తాండావయ్యా?" అన్నాను.

"రేపు ఎవురన్నా వచ్చి చూస్తే?" అన్నాడు. గుడ్డ పిండి మళ్లీ తుడిచాడు.

ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. పాపకు పన్నెండో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి. నేను ఇరుక్కుంటే మెస్ మూతపడుతుంది, ముగ్గురమూ పోవాలి. ఆయన చెప్పిన ప్రతి కారణమూ సరైనదే, నేను కాదనలేదు, ఎందుకంటే నాకూ ఆ కారణాలు కావాలి.

సంఘం పెద్దమనిషికి ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారికి ఎత్తాడు.

"గసాలేంది, తెమ్మనిందేంది? నేను కూర వండమన్నా గాని దొంగతనంగా తెప్పించమన్నానా? నా పేరు యాడా రాకూడదు సూడమ్మా. సంఘానికే చెడ్డ పేరు."

"అన్నా, ఆ పిల్ల లోపలుండాది."

"ఆ పిల్లకేమ్మా, తెలీదని చెప్తే వదిలేస్తారు. నువ్వు గమ్మునుండు."

అదే మాట ఆ రోజంతా నాలుగు బల్లల దగ్గరా వినిపించింది. గమ్మునుండక్కా. నువ్వు పోతే నువ్వూ ఇరుక్కుంటావక్కా, దానికేం మేలు? రెండు దినాలు సూద్దామక్కా. నీళ్ల బాటిల్ ఎవరు తేవాలి అన్నదాని మీద కూడా గంటసేపు కొట్లాడుకునే మనుషులు. అంతమంది ఒకే మాట మీద నిలబడటం ఇరవై రెండేళ్లలో మొదటిసారి అప్పుడే చూశాను. ఆ పిల్లను చూడ్డానికి స్టేషన్‌కు ఒక్కరైనా పోయి వస్తారా అంటే మాత్రం అందరికీ డ్యూటీలే. వీళ్లలో ఒకడికి ఆ పిల్ల తన ఫోన్ ఇచ్చి నెలరోజులు వాడుకోనిచ్చింది. ఇంకొకడికి జ్వరమొస్తే వాళ్ల ఇంటి నుంచి గంజి తెచ్చిపెట్టింది. నాకు గుర్తుంది, వాళ్లకు గుర్తు లేదు. ఉన్నా చెప్పరు.

శుక్రవారం మెస్ మామూలుగానే తెరిచాను. మామూలు కంటే జనం ఎక్కువ వచ్చారు. ఏం జరిగిందో వినడానికి వచ్చారు, విన్నాక తినకుండా పోరు కదా. మటన్ కూర పెద్ద గిన్నె నిండా వండాను. నేను వంటగది గుమ్మం దగ్గర నిలబడి సంగటి ముద్దలు చుడుతున్నాను. ఉన్నట్టుండి గ్లాసుల చప్పుడు, మాటల చప్పుడు అన్నీ ఆగిపోయాయి.

వాకిట్లో నల్ల అబాయాలో ఒక కువైటీ ఆవిడ నిలబడి ఉంది. యాభై ఏళ్లుంటాయి. మా మెస్‌లోకి కువైటీ ఆడమనిషి అడుగుపెట్టడం అదే మొదలు. ఆ పిల్ల మామా అని పిలిచే యజమానురాలు. ఆవిడ గొంతు ఫోన్‌లో నేను చాలాసార్లు విన్నాను, మనిషిని చూడటం అప్పుడే. ఆవిడ ఎవరినీ పలకరించలేదు.

"హాదా మసాలా మాల్ మిన్?" అని అడిగింది. ఈ మసాలా ఎవరిది అని.

ఎవరూ తల ఎత్తలేదు. ఆవిడ తన అరబ్బీలో, పనిమనుషుల దగ్గర నేర్చుకున్న కాస్త హిందీ కలిపి, నెమ్మదిగా, అందరికీ అర్థమయ్యేట్టు చెప్పింది. నిన్న వస్తుందన్న పిల్ల రాలేదని, నిన్నటి నుంచి మా అమ్మ ఎవరి చేత్తో పెట్టినా తినడం లేదు. పదేళ్లు నా ఇంట్లో ఉన్న పిల్ల, నన్ను అడగకుండా ఒక ఖర్జూరం కూడా నోట్లో వేసుకోదు. ఎవరిచ్చారని అడిగితే నాకు కూడా చెప్పడం లేదు. ప్రతి శుక్రవారం అది వచ్చేది ఇక్కడికే. మీలో ఎవరికో తెలుసు.

మధ్యలో ఆవిడ చూపు వచ్చి నా మీద ఆగింది. నా రెండు చేతులకూ సంగటి అంటుకుని ఉంది. నేను తల దించుకుని ముద్ద చుట్టాను.

మగవాళ్లంతా పళ్లేలలోకి చూస్తున్నారు. ఆవిడ ఇంకాసేపు నిలబడి, "ఐబ్" అంది. సిగ్గుచేటు అని. అరబ్బీ రానివాడికి కూడా తెలిసిన మాట అది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. కారు కదిలిన చప్పుడు వినిపించాక, మూల బల్ల దగ్గర ఎవరో "పనిమనిషి మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో సూడు ఈయమ్మికి" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఇంకొకడు పళ్లెం ఎత్తి, "అక్కా, ఇంకో ముద్ద" అన్నాడు. వాడి నెత్తిన ఆ గిన్నె బోర్లించాల్సింది. వేశాను. ముద్ద వేసి, దాని మీద కూర కూడా పోశాను.

ఎవరి కోసం వచ్చిందావిడ? మన పిల్ల కోసం. ఎవరి ఊరి పిల్ల అది? మనది. కఫీల్‌లు రాక్షసులు, మామాలు రాక్షసులు అని రోజూ ఆ బల్లల మీద తిట్టిపోసే నోళ్లే అవన్నీ. కొందరు రాక్షసులున్నారు, నేను కాదనను, దెబ్బలు తిని పారిపోయొచ్చిన పిల్లలకు నేనే అన్నం పెట్టాను. కానీ ఆ రోజు ఆ గదిలో మనిషన్నది ఒక్కతే ఉంది, ఆమె మన భాష మనిషి కాదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి.

ఆ సాయంత్రం పాప పళ్లేలు సర్దుతూ అడిగింది. "ఆ అక్క మీద కేసు రాస్తే అందులో నీ పేరు ఉండదు గదమ్మా?"

"ఉండదు" అన్నాను.

 తను ఆ రాత్రి అన్నం తినలేదు. మా ఆయన బతిమాలుతూ, నీ పరీక్షల కోసమే గదా పాపా ఇదంతా అన్నాడు. "నా పరీక్షల పేరు చెప్పొద్దు నాయనా. మీ భయానికి నా పేరు పెట్టుకోవద్దు" అంది. అంత గట్టిగా తండ్రితో మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన లేచి ముందుగదిలోకి పోయి, తుడిచిన బల్లలే మళ్లీ తుడిచాడు.

శుక్ర, శనివారాలు ఆఫీసులకు సెలవు, ఆదివారం పోతాను అని నాకు నేను చెప్పుకున్నాను. పోలీస్ స్టేషన్‌కు సెలవు ఉండదని నాకు తెలియదా? తెలుసు. శనివారం కూడా వంకాయ కూర, పప్పు వండాను. ఆదివారం పొద్దున స్నానం చేసి, సివిల్ ఐడీ కొంగున ముడేసుకుని బయల్దేరాను. మా ఆయన చెప్పులేసుకుని వెనకాలే వచ్చాడు. పోవద్దని ఆయన అనలేదు, రమ్మని నేనూ అనలేదు. స్టేషన్ గేటు దాకా వచ్చి ఆగిపోయాడు.

లోపలున్న అధికారి నన్ను ఆ పిల్ల బంధువననుకుని కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పాను. "హాదా మాల్ అనా." ఇది నాదని. నాకు తెలిసిన వంటింటి అరబ్బీ అంతే. ఆయన నా మొహంలోకి చూసి, హిందీ తెలిసిన ఇంకొకాయనను పిలిపించాడు. మొత్తం చెప్పాను. ఆ పిల్లకు తెలియదని, అడిగినా నేను చెప్పలేదని చెప్పాను. ఇది మత్తుకు కాదు, కూరకే అయితే కారంలో ఎందుకు దాచారు అని అడిగాడు. దంచితే ముక్కిపోతాయని, వండే ముందే నూరాలని, తేమ తగలకుండా పొడిలో పెడతామని, అరచేతిలో వేలుపెట్టి చూపిస్తూ చెప్పాను. ఆయన నా అరచేతిలోకి చూశాడు. మా అమ్మ కూడా కాఫీ పొయ్యి మీద పెట్టేదాకా ఏలకులు దంచదు అన్నాడు. అయినా చట్టం చట్టమే అన్నాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. నేను ఆ దేశం మీద కోపంతో ఇది రాయడం లేదు. వాళ్లు వద్దన్నదాన్ని తెప్పించింది నేను.

సంఘం పెద్దమనిషి పేరు చెప్పావా అని చాలామంది అడుగుతారు. చెప్పలేదు. ఆయన్ను కాపాడాలని కాదు. తినాలనుకున్నది ఆయనైనా తెప్పించింది నేనే, ఆ పిల్లతో ఫోన్‌లో మాట్లాడింది నేనే. ఇప్పుడు ఆలోచిస్తే మాత్రం చెప్పాల్సింది అనిపిస్తుంది.

ఆ పిల్లను రెండో రోజు వాళ్ల మామా చేతికి అప్పగించారు. నన్ను ఉంచేశారు. గింజలు పరీక్షకు పోయాయి, కాగితాలు తిరిగాయి, చివరికి అమ్మడానికి కాదని తేలింది గానీ అక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా, రద్దయింది. ఫింగర్ పడింది, అంటే వేలిముద్రలు తీసుకుని పంపించేశారు, మళ్లీ ఆ గడ్డ మీద కాలు పెట్టే వీల్లేదు. నా ఇరవై రెండేళ్ల కొలువు అలా ఖలాస్ అయింది. ఊర్లో ఎవరైనా రిటైరైనావా అక్కా అంటే ఔనంటాను, అదొక మర్యాద. పాప పరీక్షలు రాసి పాసయ్యాక మా ఆయన మెస్ తాళం కఫీల్ చేతిలో పెట్టి వచ్చేశాడు.

లోపలున్న రోజుల్లో ఫోన్ మాట్లాడనిచ్చినప్పుడు మా ఆయన కబుర్లు చెప్పేవాడు. పెద్దమనిషి విందు అనుకున్న రోజే జరిగింది. ఇంకో మెస్ వాళ్లు వండారు. మటన్ బాగానే కుదిరిందట, జీడిపప్పుతోనే. ఆయన మైకు పట్టుకుని గల్ఫ్‌లో మన ఐకమత్యం గురించి పావుగంట మాట్లాడాడట. ఆ మాట విన్నప్పుడు నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియలేదు, పక్కనున్న ఫిలిప్పీన్ ఆమె భుజం పట్టుకుంది. మా తమ్ముళ్లంతా పక్క సందు మెస్‌లో తింటున్నారట. వాళ్లు తినక మానలేరు, అది నాకు తెలుసు. మా ఆయనకు ఆ గేటంటేనే భయం, సరే, కానీ ముప్పై మందిలో ఒక్కడు ఒక జత బట్టలు తెచ్చివ్వలేకపోయాడా? లోపలికి వచ్చి ఇవ్వడానికి భయమైతే గేటు దగ్గర పెట్టి పోవచ్చు కదా. కట్టుకున్న చీరతోనే తొమ్మిది రోజులు గడిపాను.

పదో రోజు నాకు సందర్శకులు వచ్చారని పిలిచారు. ఇనుప జాలీ అవతల ఆ పిల్ల నిలబడి ఉంది. కొంచెం వెనకాల గోడ పక్కన వాళ్ల మామా. ఆ పిల్ల చిక్కిపోయింది. చేతిలో ఒక సంచి.

ఆ పిల్లను చూడగానే నాకు ఏడుపు ఆగలేదు. తను ఏడవలేదు.

"బట్టలు తెచ్చినా అత్తా. మామా సబ్బు, తువ్వాలు పెట్టింది."

"నన్ను క్షమించుమే" అన్నాను.

"అందరూ ఫోన్ చేసి అదే చెప్తాండారు. మీ అత్త దేవత, నీ కోసం లోపలికి పోయింది, పోయి కాళ్లు మొక్కమని."

 ఆ మాట నాకు లోపల కాస్త చల్లగానే తగిలింది, దాచడమెందుకు.

"నేను మొక్కను" అంది ఆ పిల్ల. గొంతు పెంచలేదు. "వాండ్లు ఎన్నిసార్లు అడిగినా నీ పేరు చెప్పలే. ఇద్దరు బిడ్డలుండారు నాకు, అయినా చెప్పలే. అత్త వస్తాది, వచ్చి చెప్తాది, తలుపు చప్పుడైతే అత్తే అనుకుంటా కూర్చున్నా. గురువారం, శుక్రవారం, శనివారం. ఆ మూడు దినాలు మెస్ తెరిచినావా అత్తా?"

"తెరిచినా."

"శుక్రవారం మటన్ కూడా వండినావా?"

"వండినా" అన్నాను.

ఆ పిల్ల తల ఊపింది. సంచిని అక్కడున్న పోలీసామెకు ఇచ్చి, నా వైపు మళ్లీ చూడకుండా వాళ్ల మామాతో కలిసి వెళ్లిపోయింది.